స్టోరీ కాదు, పని

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ కొనడానికి వచ్చేవాళ్లు ఈమధ్య "దీని స్టోరీ ఏంటి?" అని అడుగుతున్నారు. సినిమాదీ స్టోరీయే, పేపర్లో వార్తా స్టోరీయే, ఫోన్లో 24 గంటలకి మాయమయ్యే బొమ్మా స్టోరీయే. మన "కథ" అనే మాటేం తక్కువ కాదు. "కథలు చెప్పకు" అంటే అబద్ధాలాడకని, "కథ అడ్డం తిరిగింది" అంటే వ్యవహారం చెడిందని. ఇన్ని బరువులు మోసే మాటని ఈ బట్టకి తగిలిస్తే నాకు కష్టంగా ఉంటుంది. వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని దువ్వి, ఏకి, రాట్నం మీద వంద కౌంటు నూలు వడికే ఆడవాళ్ల చేతుల్లో ఉన్నది స్టోరీ కాదు, పని. ముందు అడగాల్సింది రోజు కూలి ఎంతని. కథకి చోటు వేరే ఉంది, అదీ ఈ జిల్లాలోనే. మురపాకలో పుట్టిన కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట దొరకాలని పాత పత్రికలు వెతికి తెచ్చి దాచారు. వడికే చేతుల మీద రాసిన కథలు అక్కడ ఎన్ని ఉన్నాయో చూడటానికి ఈ వారం వెళ్తున్నాను.