పక్క గాడిలో నడిచేవాడు



క్రిస్మస్ దగ్గర పడితే మన సంఘాల్లో యౌవనస్థులకు ఆటల పోటీలు పెట్టడం మామూలే. నిమ్మకాయ చెంచా పరుగు, కుర్చీలాట, తాడు లాగుడు, ఆడవారికి ముగ్గులు. ఈ నెల మేము చెప్పబోయేదీ చలికాలపు ఆటల సంగతే. కానీ అవి జరిగేది మన మందిరపు ఆవరణలో కాదు, నార్వే దేశంలో బైటోస్టోలెన్ అనే చిన్న కొండ గ్రామంలో. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, చలికాలమంతా మంచు కప్పుకొని ఉండే ఊరు అది.

అక్కడి జనం మంచు మీద స్కీలతో తిరుగుతారు. స్కీ అంటే కాలికి కట్టుకునే సన్నని పొడవాటి బద్ద. రెండు కాళ్ళకు రెండు బద్దలు, రెండు చేతుల్లో రెండు కర్రలు. కర్రలతో ఊతమిచ్చుకుంటూ జారిపోతారు. నడక నేర్చిన పిల్లవాడు మొదలు ముసలివారి వరకు అందరికీ అది అలవాటైన విద్య. అయితే చూపులేనివారు మాత్రం చాలాకాలం పొయ్యి దగ్గరే కూర్చుండిపోయారు. పడిపోతావు, దెబ్బ తగులుతుంది అని ఇంటివాళ్ళే ఆపేవారు. ప్రేమతోనే ఆపారు, కాదనలేం.

ఎర్లింగ్ స్టోర్డాల్ అనే నార్వే గాయకుడు అంధుడు. తనలాగే చూపులేని మరొక గాయకునితో కలిసి పాడి ఆ దేశంలో మంచి పేరు తెచ్చుకున్నవాడు. పాటలతో తృప్తి పడి ఊరుకోలేదు. చూపులేనివారు కూడా కొండల్లో మంచు మీద తిరగాలని పట్టుబట్టి, 1964లో బైటోస్టోలెన్‌లో అంధుల కోసం స్కీ పందెం నడిపించాడు. దానిని రిడ్డర్‌రెన్నెట్ అంటారు, వీరయోధుల పందెమని అర్థం. 1970లో అక్కడే వికలాంగుల ఆరోగ్యానికీ, ఆటలకూ ఒక కేంద్రం వెలిసింది. స్టోర్డాల్ 1994లో కన్నుమూశాడు గాని పందెం ఆగలేదు. నేడు అది వారం రోజుల పండుగ. కాళ్ళు చచ్చుబడినవారు చిన్న బండిలాంటి పీటపై కూర్చొని కర్రలతో తోసుకుంటూ వస్తారు. పరదేశాల నుండి కూడా వచ్చి పాల్గొంటారు. చివరి పెద్ద పందెం 20 కిలోమీటర్లు.

చూపులేని మనిషి అంత దూరం ఎలా వెళ్తాడు? మమ్మల్ని ఈ వ్యాసం రాయించింది ఆ సంగతే.

మంచులో యంత్రంతో ముందుగానే గాళ్ళు తీస్తారు. మన మట్టిరోడ్డు మీద ఎడ్లబండి చక్రాలు తీసిన గాళ్ళలాంటివే. ఒక జత గాళ్ళ పక్కనే మరో జత. ఒకదానిలో చూపులేనివాడు, పక్కదానిలో చూపున్నవాడు. గాడిలో పడిన స్కీ దారి తప్పదు, దారి ఎటు పోతున్నదో కాలికే తెలుస్తుంది. పక్కవాడు చెయ్యి పట్టుకోడు, లాగడు, తొయ్యడు. నోటితో చెబుతాడంతే. కొంచెం ఎడమకు, ఇప్పుడు ఎక్కుడు, ముందు దిగుడు ఉంది, ఎంత పొడవుందో ఇది. ప్రమాదమనిపిస్తే కూర్చోమంటాడు. చుట్టూ కొండలు ఎలా ఉన్నాయో కూడా వర్ణించి చెబుతాడు. ఆ దేశపు రాజుగారి రక్షక దళంలోని యువ సైనికులు కూడా ఈ పరిచర్యకు వస్తుంటారు.

తుపాకీ గురి పోటీ కూడా ఉంది. తుపాకీ మాట ఈ పత్రికలో ఎందుకని పెద్దలు కోప్పడవద్దు. చూపులేనివాడు చెవులకు ఒక పరికరం తగిలించుకుంటాడు. తుపాకీ గొట్టం గురికి దగ్గరయ్యేకొద్దీ శబ్దం సన్నగా పైకి లేస్తుంది. ఆ నాదం విని మీట నొక్కుతాడు.

నార్వేలో పుట్టి అమెరికాలోని కొలరాడోలో స్కీయింగ్ నేర్పిన ఓలావ్ పెడెర్సెన్ స్టోర్డాల్ పని సంగతి తెలుసుకొని, 1975లో అక్కడా ఇటువంటి కూడిక మొదలు పెట్టించాడు. మరుసటి ఏడు స్వీడన్‌లో వికలాంగుల శీతాకాలపు ఒలింపిక్స్ మొదటిసారి జరిగాయి. అందులో చూపులేనివారూ ఉన్నారు.

ఇక మన సంగతి. మన సంఘాల్లో చూపులేని అన్న ఒకరు, అక్క ఒకరు ఉండనే ఉంటారు. క్రిస్మస్‌కు వారికి దుప్పటి ఇస్తాం, ఫొటో కూడా దిగుతాం. (ఆ ఫొటో వారు చూడలేరని ఎవరికీ తట్టదు.) ఇంటికి వెళ్తే భార్యనడుగుతాం, "అన్నకు టీ ఇవ్వమంటారా?" అని. అన్న పక్కనే కూర్చుని వింటూ ఉంటాడు. యెరికోలో బర్తిమయి కేకలు వేసినప్పుడు ప్రభువు నిలిచి, ఆయనను పిలిపించి, ఏమి కావాలో ఆయననే అడిగాడు. చూపులేనివానికి ఏమి కావాలో ఎవరికైనా తెలుసు కదా, అయినా అడిగాడు. మార్కు సువార్త 10వ అధ్యాయం మరల చదవండి. సంఖ్యాకాండము 10లో మోషే హోబాబును తమతో రమ్మని బతిమాలిన సంగతి కూడా చూడండి. అరణ్యంలో ఎక్కడ దిగాలో ఎరిగినవాడు గనుక తమకు కన్నులుగా ఉండమన్నాడు. తమను మోయమనలేదు.

మనకు మంచు లేదు. దానికేమి? అంధుల పరుగు పందెంలో తోడువాడు, పరుగెత్తేవాడు చెరొక కొస పట్టుకునే చిన్న తాడు చాలు. తోడువాడు లాగకూడదు, ముగింపు గీతను ముందుగా దాటకూడదు, దాటితే ఆ పరుగు చెల్లదు. లోపల గోళీలు వేసి గలగలలాడే బంతితో క్రికెట్ ఆడవచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి అటువంటి బంతితో ఆడే భారత అంధుల జట్టుకు నాయకుడయ్యాడు.

ఈసారి ఆటల పట్టిక వేసే యౌవనస్థులకు ఒక్క మాట. పేరు రాసేముందు ఆ అన్న ఇంటికి వెళ్ళండి. ఆయననే అడగండి, ఆడతారా, ఏ ఆట, తోడుగా ఎవరు కావాలి అని. ఆటలొద్దు, పాటలు పాడతానంటే వంతు ఇవ్వండి. ఏదీ వద్దంటే కాసేపు కూర్చొని టీ తాగి రండి.