కారు మన పేరున లేకపోతేనేం?

పాలవాడు ఏ రోజు నాగా పెట్టాడో, ఏ రోజు అర లీటరు ఎక్కువ పోశాడో కేలండరు మీద గీతలు పెట్టుకుని, నెలాఖరుకి పైసాతో సహా లెక్క తేల్చే ఇల్లాలికి కారు షోరూము వాళ్ళతో లెక్క తేల్చుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. కాని ఆ అద్దాల మేడలో అడుగు పెట్టగానే మనలో చాలామందికి నోరు పెగలదు. "మీకు తెలీదు మేడమ్, సార్‌ని పంపించండి" అంటే చాలు, తాళాలు పట్టుకుని వచ్చేస్తాం. కారు లీజుదయితే మరీను! "బండి మీ పేరున లేదు కదండీ" అని ఇంకో అస్త్రం వేస్తారు. ఈ వారం ఆ అస్త్రానికి విరుగుడు ఏమిటో చూద్దాం.

ఈ లీజు అంటే ఏమిటో ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. కొన్ని ఆఫీసులు ఉద్యోగులకి కారు లీజు మీద ఇప్పిస్తున్నాయి. లీజు కంపెనీ కారు కొంటుంది. మూడేళ్ళో నాలుగేళ్ళో మనం వాడుకుంటాం. నెలనెలా అద్దె మావారి జీతంలోంచి పోతుంది. గడువు తీరాక కారు తిరిగి ఇచ్చెయ్యడమో, ఒప్పందం ఒప్పుకుంటే మిగతా ధర కట్టి ఉంచుకోవడమో చేస్తాం. అంతా బాగానే ఉంటుంది, రిపేరు వచ్చేదాకా! అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. కారు తయారుచేసిన కంపెనీ, అమ్మిన డీలరు, డబ్బు పెట్టిన లీజు కంపెనీ, మధ్యలో మావారి ఆఫీసు. పదిమంది చేతిలో పాము చావదన్నట్టు ఒకరిని అడిగితే ఇంకొకరి మీద చెబుతారు.

నాకు తెలిసిన ఒకమ్మాయి విశాఖపట్నంలో ఉంటుంది. రోజూ పిల్లలిద్దర్నీ తనే బడికి తీసుకెళుతుంది. కారు కొత్తదే, ఏడాది కూడా కాలేదు. బ్రేకు తొక్కితే చాలు, కారు ఎడమకి లాగుతోంది. బీచి రోడ్డు మీద ఒకసారి ఆటో పక్కకి దాదాపు వెళ్ళిపోయిందట. షోరూముకి నాలుగుసార్లు తీసుకెళ్ళింది. నాలుగుసార్లూ "చూశామండీ, ఓకే" అన్నారు. ఒకసారి బ్రేకు ప్యాడ్లు అరిగాయి, అవి వారంటీలో రావు అని బిల్లు కూడా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి కాగితాలు తీసి చూస్తే నాలుగు జాబ్ కార్డుల్లో మూడింటి మీద "జనరల్ చెకప్" అని ఉంది. బ్రేకు మాటే లేదు! అంటే షోరూము లెక్క ప్రకారం ఆవిడ బ్రేకు గురించి చెప్పింది ఒక్కసారే. నోటితో నాలుగుసార్లు చెప్పింది, కాగితం మీద ఒక్కసారే పడింది. చిక్కంతా అక్కడే ఉంది.

జాబ్ కార్డే మన జాతకం

కారు వర్క్‌షాపులో ఇవ్వగానే సర్వీస్ అడ్వైజర్ ఒక కాగితం రాస్తాడు. దాన్నే జాబ్ కార్డు అంటారు. మనం గబగబా సంతకం పెట్టేసేది దాని మీదే. ఇకమీదట సంతకానికి ముందు ఈ నాలుగూ చూసుకోండి.

ఒకటి, మన ఫిర్యాదు మన మాటల్లోనే ఉండాలి. "బ్రేకు చెక్ చెయ్యాలి" అని కాదు, "నలభై స్పీడులో బ్రేకు తొక్కితే కారు ఎడమకి లాగుతోంది, ఇది మూడోసారి" అని రాయించాలి. ఎప్పుడు, ఎంత వేగంలో, ఏమవుతోంది అనేది ఉండాలి. "సిస్టంలో అంత రాయడానికి కుదరదు మేడమ్" అంటే మీ కాపీ మీదా వాళ్ళ కాపీ మీదా పెన్నుతో రాసి అడ్వైజరు చేత సంతకం పెట్టించండి.

రెండు, తేదీ, కిలోమీటర్ల రీడింగు. కారు ఇచ్చినప్పుడూ, తీసుకున్నప్పుడూ. మొత్తం ఎన్ని రోజులు షెడ్డులో పడి ఉందో రేపు ఇదే చెబుతుంది.

మూడు, కారు తీసుకునేటప్పుడు ఏం చేశారో రాసిన బిల్లు అడగండి. వారంటీలో చేసిన పనికి డబ్బు ఉండదు కదా అని బిల్లు వదిలేసి రావద్దు. సున్నా రూపాయల బిల్లయినా సాక్ష్యం సాక్ష్యమే. "లోపం కనబడలేదు" అన్నారా, ఆ మాటే రాసిమ్మనండి.

నాలుగు, కారుని అక్కడే నడిపి చూడండి. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ శబ్దమో ఆ లాగుడో వచ్చే రోడ్డు మీదకి తీసుకెళ్ళండి. వస్తే అతని ముందే కార్డు మీద రాయించండి. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే జబ్బయితే ఇంకొకరు నడుపుతుండగా సెల్‌ఫోనులో వీడియో తీసి ఉంచండి.

ఇంకో మాట. వారంటీ ఫలానా ఏళ్ళు లేక ఫలానా కిలోమీటర్లు, ఏది ముందయితే అది అని ఉంటుంది. ఆ గడువు లోపల ఫిర్యాదు కాగితం మీద పడితీరాలి. "వచ్చే సర్వీసులో చూద్దాం లెండి" అని వాయిదా వేస్తూ పోతే గడువు కాస్తా దాటిపోతుంది.

లీజు కారుకి ప్రత్యేకం

కోపం వచ్చి అద్దె ఆపెయ్యకండి. కారు షెడ్డులో ఉన్నా అద్దె కట్టాల్సిందేనని లీజు ఒప్పందాల్లో సాధారణంగా ఉంటుంది. ఆపితే తప్పు మన మీదకి వస్తుంది, అసలు గొడవ పక్కకి పోతుంది. కట్టండి, కట్టిన ప్రతి నెలా లెక్క రాసుకోండి. వాడుకోని కారుకి కట్టిన అద్దె, మధ్యలో ఆటోలకీ టాక్సీలకీ పెట్టిన ఖర్చు, ఇవన్నీ తరవాత నష్టపరిహారం అడగడానికి పనికొస్తాయి.

వీధి చివర మెకానిక్ దగ్గరికి పోకండి. అతను పనిమంతుడే కావచ్చు. కాని బయటివాళ్ళు చెయ్యి పెట్టారన్న సాకు డీలరుకి దొరుకుతుంది, లీజు ఒప్పందానికీ విరుద్ధం కావచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, లీజు కంపెనీకి మొదటి రోజుల్లోనే రాతపూర్వకంగా తెలపండి. గడువు తీరి కారు తిరిగి ఇచ్చేటప్పుడు వాళ్ళు కారుని తనిఖీ చేసి, మామూలు అరుగుదల కంటే ఎక్కువ పాడయిందంటే డబ్బు అడగవచ్చు. అప్పుడు "ఇది మొదటినుంచీ ఉన్న లోపమండీ" అంటే ఎవరు నమ్ముతారు? రాసిన ఉత్తరం ఉంటే నమ్ముతారు.

ఇక "బండి మీ పేరున లేదు" అన్న మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో యజమాని అంటే ఎవరో చెప్పేచోట, లీజు ఒప్పందం మీద ఉన్న వాహనానికి ఆ ఒప్పందం ప్రకారం స్వాధీనంలో ఉంచుకున్నవారే యజమాని అని ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా కొన్నవారినే కాదు, వారి అనుమతితో వాడుకునేవారిని కూడా వినియోగదారులుగానే చూస్తుంది. కంపెనీ డబ్బుతో కొన్న కారయితే వినియోగదారు కారన్న వాదన కూడా ఉండేది. డైరెక్టర్ల సొంత వాడకానికి ఒక కంపెనీ కొన్న కారు వ్యాపార ప్రయోజనం కిందకి రాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. ఏ కేసుకి ఆ కేసు వివరాలు చూస్తారనుకోండి. అందుకని లీజు కంపెనీ నుంచీ మావారి ఆఫీసు నుంచీ "రిపేరు విషయాలు వీరు మాట్లాడవచ్చు, ఫిర్యాదు చెయ్యవచ్చు" అని ఒక అధికార పత్రం తెచ్చుకుని సంచీలో పెట్టుకోండి. షోరూములో ఆ కాగితం బల్ల మీద పెడితే "సార్‌ని పంపించండి" అన్న మాట మళ్ళీ వినబడదు.

ఉత్తరం ఇలా రాయండి

మూడుసార్లు తిరిగినా బాగుపడకపోతే ఇక అడ్వైజరుతో మాటలు అనవసరం. వర్క్స్ మేనేజరుకి ఉత్తరం రాయండి. కాపీలు కారు కంపెనీ కస్టమర్ కేర్‌కి, లీజు కంపెనీకి, ఆఫీసుకి పంపండి. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి. తిట్లూ శాపనార్థాలూ వద్దు. ఇంతే చాలు:

"ఫలానా నంబరు కారులో బ్రేకు తొక్కినప్పుడు ఎడమకి లాగుతోంది. ఫలానా తేదీల్లో నాలుగుసార్లు మీకు అప్పగించాను. మొత్తం ఇన్ని రోజులు మీ దగ్గర ఉంది. జాబ్ కార్డుల నకళ్ళు జతచేశాను. ఇది ప్రాణాలకి సంబంధించిన లోపం. కంపెనీ ఇంజనీరు సమక్షంలో పరీక్షించి 15 రోజుల్లో సరిచెయ్యాలి. అంతవరకు వేరే కారు ఏర్పాటు చెయ్యాలి. లేనిచో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించగలను."

విశాఖ అమ్మాయి సరిగ్గా ఇదే చేసింది. పది రోజుల్లో కంపెనీ ఇంజనీరు వచ్చాడు. చక్రాలు విప్పి చూస్తే ఎడమవైపు బ్రేకు కాలిపర్ బిగుసుకుపోయి ఉంది. ప్యాడ్లు త్వరగా అరగడానికి కారణం కూడా అదే. వారంటీలో మార్చారు, ప్యాడ్ల డబ్బు వెనక్కిచ్చారు.

అప్పటికీ కదలకపోతే

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోను చెయ్యండి. డబ్బు ఖర్చు లేదు. వాళ్ళు కంపెనీకి ఫిర్యాదు పంపి రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కారు కొన్న ఊళ్ళోనే కేసు వెయ్యాలన్న నియమం లేదు, మనం ఉంటున్న ఊళ్ళోనే వెయ్యవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. సమస్య మొదలైన రెండేళ్ళ లోపల వెయ్యాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు. అవసరమైతే కారుని నిపుణుల పరీక్షకి పంపమని కూడా కమిషన్‌ను అడగవచ్చు.

కొత్త కారే ఇవ్వమని మొదటే పట్టుబట్టకండి. వారంటీలో పాడైన భాగం మారుస్తామని మాత్రమే ఉంటే, కారు మొత్తం మార్చమనడం కుదరదని సుప్రీంకోర్టు 2006లో ఒక కేసులో చెప్పింది. ముందు లోపం సరిచెయ్యమనండి, నష్టం ఇమ్మనండి. అన్నీ అయ్యాక కూడా బాగుపడదని తేలితే అప్పుడు డబ్బు వాపసు అడగండి.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లులకి ఒక మాట. అక్కడ లీజు కారు మామూలే. ఎన్నిసార్లు బాగుచేసినా బాగుపడని కారుని వాళ్ళు "లెమన్", అంటే నిమ్మకాయ, అంటారు. 1982లో కనెక్టికట్‌తో మొదలై ఇందుకోసం రాష్ట్రాల్లో ప్రత్యేక చట్టాలు వచ్చాయి. కాలిఫోర్నియాలో ఆ చట్టం లీజు కార్లకీ వర్తిస్తుంది. మొదటి 18 నెలలు లేక 18,000 మైళ్ళలోపు ప్రాణాపాయమైన లోపానికి రెండుసార్లు, మామూలు లోపానికి నాలుగుసార్లు ప్రయత్నించినా బాగుపడకపోతే, లేక కారు మొత్తం 30 రోజులకి మించి షెడ్డులో ఉంటే, కంపెనీకి తగినన్ని అవకాశాలు ఇచ్చినట్టే లెక్క. మన దేశంలో కార్లకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అక్కడయినా ఇక్కడయినా లెక్కపెట్టేది మాత్రం రిపేరు కాగితాలనే. ఫోనులో "ఏం వండుకున్నావమ్మా" అని అడిగే నోటితోనే "రిపేరు కాగితాలు దాచావా?" అని కూడా అడగండి.

ఈ ఆదివారం ఒక అరగంట తీరిక చేసుకుని ఓ ఫైలు పెట్టండి. లీజు ఒప్పందం నకలు, వారంటీ పుస్తకం, జాబ్ కార్డులు, బిల్లులు తేదీల వరసన గుచ్చండి. అట్ట లోపలివైపు కారు నంబరు, వారంటీ ముగిసే తేదీ పెద్దక్షరాలతో రాయండి. కారు బాగానే నడుస్తున్నా సరే, ఇప్పుడే పెట్టండి. బ్రేకు పట్టనినాడు కాగితాల కోసం వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.