సంతకు వచ్చేది కోడలు: బస్తర్ వృద్ధుల గురించి ఒక అభిప్రాయం

పోయిన నెల మాక్ టెస్టులో "వృద్ధుల సంరక్షణ ఎవరి బాధ్యత?" అని వ్యాసం ఇచ్చారు. మనమందరం రాసేదే నేనూ రాశాను. ఉమ్మడి కుటుంబం పోయింది, పిల్లలు విదేశాలకు వెళ్లారు, పెద్దవాళ్లు ఒంటరయ్యారు, కాబట్టి జిల్లాకో వృద్ధాశ్రమం కట్టాలి, 2007 చట్టాన్ని కఠినంగా అమలు చేయాలి. చివర్లో ఒక ఉపనిషత్ వాక్యం కూడా అతికించాను. 125కి 52 వచ్చాయి. దిద్దిన సార్ మార్జిన్‌లో ఒకే ముక్క రాశారు: "ఇది ఏ ఊరి సంగతి?"

మాది చింతూరు. జాతీయ రహదారి 30 మీద ఇంకాస్త ముందుకు పోతే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వస్తుంది. మ్యాపుల్లో కోంటా అని ఉంటుంది. అక్కణ్నుంచి సుక్మా, ఆ పైన జగదల్‌పూర్. బస్తర్ మాకు పరాయి ప్రాంతమేమీ కాదు. అయినా నా వ్యాసంలో కనిపించింది హైదరాబాద్ అపార్ట్‌మెంటే. మీరు రాసిన పాత వ్యాసం కూడా ఒకసారి తీసి చూసుకోండి, ఏ ఊరు కనిపిస్తుందో.

నేను చూసినంతలో అటువైపు పల్లెల్లో ముసలివాళ్లను వదిలేసి పోవడం అసలు సమస్య కాదు. ఇల్లుంది, కొడుకున్నాడు, కోడలుంది. ఆ చూసుకునే మనిషికి ఆసరా లేదు. జనవరి దాటితే సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి వయసులో ఉన్నవాళ్లు మిరప కోతలకు తెలంగాణ చేలకు వస్తారు. వారాల తరబడి ఇక్కడే గుడిసెలు వేసుకుని ఉంటారు. ఊళ్లో మిగిలేది ముసలమ్మ, ఆమె దగ్గర వదిలిన పసిపిల్లలు. జనాభా పాఠంలో మనం చదివే 'ఆధారిత నిష్పత్తి' లెక్కలో వీళ్లిద్దరూ ఆధారపడినవాళ్లే. మరి ఆ నెలల్లో ఎవరు ఎవరి మీద ఆధారపడ్డట్టు? తర్వాత ఇప్పపువ్వు ఏరే కాలం, దాని వెనకే తునికాకు. తెల్లవారకముందే ఇల్లు ఖాళీ. మంచంలో మనిషి ఉంటే ఒకరు కూలి పోగొట్టుకుని ఇంట్లో ఆగాలి. ఆగేది దాదాపు ఎప్పుడూ ఆడమనిషే.

ఇప్పుడు మనం వల్లెవేసే 2007 తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని ఈ ఇంటి ముందు పెట్టి చదవండి. ట్రిబ్యునల్ ఉంది, నెలకు గరిష్ఠంగా 10,000 పోషణ భత్యం ఉంది, వదిలేస్తే మూడు నెలల దాకా జైలు ఉంది. సెక్షన్ 19 జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి వసతి అంటుంది. అదైనా రాష్ట్రం 'ఏర్పాటు చేయవచ్చు' అనే గానీ 'చేయాలి' అని లేదు, ప్రిలిమ్స్‌కు గుర్తుంచుకోండి. అసలు తమాషా నిర్వచనాల్లో ఉంది. 'పిల్లలు' అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు లేదు. 2019లో తెచ్చిన సవరణ బిల్లు అల్లుణ్ని, కోడలిని చేర్చబోయింది, అది చట్టం కాలేదు. చేర్చి ఉన్నా బాధ్యత మోయాల్సిన వాళ్ల జాబితాలోకే వెళ్లేది. సాయం అందాల్సిన మనిషిగా ఆమె పేరు ఎక్కడా లేదు. చట్టం దృష్టిలో కొడుకు డబ్బిచ్చేవాడో, తప్పు చేసినవాడో. నీళ్లు పోసి, ఒత్తిగిలించి, బట్టలు మార్చే చేతులు దానికి కనిపించవు.

ఈ మాట నేను పుస్తకం చూసి రాయలేదు. మా నాయనమ్మ పక్షవాతంతో మూడేళ్లు మంచంలో ఉంది. ఆ మూడేళ్లూ నేను అశోక్‌నగర్‌లో కరెంట్ అఫైర్స్ చదువుకున్నాను. అమ్మకు నడుం పట్టేసి లేవలేకపోతోందని ఆలస్యంగా తెలిసింది. పడక పుండు పడకుండా మనిషిని ఎలా తిప్పాలో ఆమెకు ఎవరూ చూపించలేదు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు చేతిలో పెట్టింది మందుల చీటీ ఒక్కటే. అరగంట నేర్పితే వచ్చే పని అది.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. మా మండలం 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. ఆంధ్రలో వృద్ధాప్య పింఛన్ 2024లో 4,000 అయింది. తెలంగాణలో 2019లో 2,016 అయింది. కుంట దాటితే 2023లో పెంచాక 500. కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్ల వారికి 200, 80 నిండితే 500 దగ్గరే ఆగిపోయింది. ఛత్తీస్‌గఢ్‌లో వివాహితలకు, వితంతువులకు 2024 నుంచి మహతారీ వందన్ కింద వెయ్యి ఉంది గనుక ముసలమ్మకు కొంత నయం, ముసలాయనకు అదీ లేదు. ఒకే కోయ మాట మాట్లాడే ఇద్దరు ముసలివాళ్ల మధ్య ఒక సరిహద్దు రాయి ఎనిమిది రెట్ల తేడా తెస్తోంది. జాతీయ కార్యక్రమం అని పేరు పెట్టుకున్న పథకానికి ఇది సమర్థించుకోలేని తేడా అని నా అభిప్రాయం. అయితే మా ఇంట్లో పింఛన్ వచ్చింది, అమ్మ నడుం మాత్రం పోయింది. 2024 అక్టోబర్‌లో 70 ఏళ్లు దాటినవారికి తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు 5 లక్షలు ఇస్తుంది, ఆసుపత్రిలో చేరితే. ఇంట్లో మంచానికి అందులో పైసా లేదు.

మరి ఏం చేయాలి? ఇక్కడ మనవాళ్లు వెంటనే కేరళ అంటారు. నిజమే, 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ సొసైటీ నుంచి 2008 నాటి రాష్ట్ర విధానం దాకా, పంచాయతీ నర్సు ఇంటికే వచ్చే పద్ధతి దేశంలో మరెక్కడా అంత విస్తారంగా లేదు. కానీ 1998లో విడగొట్టకముందు బస్తర్ జిల్లా ఒక్కటే 39 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, కేరళ కన్నా కాస్త పెద్దది. 2011 లెక్కల్లో ఆ నేలంతా కలిపి సుమారు 31 లక్షల మంది, కేరళలో 3 కోట్ల 34 లక్షలు. కేరళ నర్సు ఒక పూటలో తిరిగే ఇళ్లకు ఇక్కడ రోజులు పడతాయి, మధ్యలో వాగు పొంగితే ఆ వారం అంతే. దూరం ఎక్కువైన చోట 14567 ఎల్డర్‌లైన్ ఉందని రాస్తే సరిపోదు, ముందు సిగ్నల్ ఉండాలి.

బస్తర్‌కు తనదైన పద్ధతి ఒకటి ఉంది. వారపు సంత. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019 అక్టోబర్ 2న హాట్ బజార్ క్లినిక్ పథకం మొదలుపెట్టింది. వైద్య బృందం బండేసుకుని సంత రోజున సంతకే వస్తుంది. బీపీ, షుగర్, మలేరియా పరీక్షలు, మందులు అక్కడే. చాలా తెలివైన ఆలోచన. అయితే మంచంలో ఉన్న ముసలమ్మ సంతకు రాలేదు కదా అని మీరు అడగొచ్చు. రాలేదు. కానీ ఆమెను చూసుకునే కోడలు వస్తుంది. ఉప్పుకో, నూనెకో, చింతపండు అమ్ముకోవడానికో వారానికి ఒకసారి తప్పకుండా వస్తుంది. ఆ క్లినిక్ పక్కనే ఆమె కోసం ఇంకో బల్ల వేయండి. మంచంలో మనిషిని తిప్పడం నేర్పాలి. చేతికర్ర, వాకర్, రబ్బరు షీటు ఇవ్వాలి. ఆగిపోయిన పింఛన్ కాగితం అక్కడే చూడాలి. ముందు ఆమె బీపీ చూడాలి. ఇదంతా గోండీలోనో, హల్బీలోనో, దోర్లీలోనో జరగాలి, హిందీ కరపత్రంతో కాదు.

సంతకూ ఇంటికీ మధ్య మితానిన్ ఉంది. ఆశా కార్యకర్తల వ్యవస్థ రాకముందే, 2002లో ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన వ్యవస్థ ఇది. వెయ్యి జనాభాకు ఒకరని కాకుండా ప్రతి పారాకు, అంటే ప్రతి గూడేనికి ఒకరు. నెలలో రెండు మూడు పూటలు ఆమె వచ్చి మంచం దగ్గర కూర్చుంటే కోడలు తునికాకుకు పోయి రాగలదు. పడమటి దేశాల్లో దీన్ని 'రెస్పైట్' అంటారు, మనకు ఆ మాటే లేదు. ఇదొక్కటీ ఇప్పటికే గర్భిణులు, టీకాలు, మలేరియాతో సతమతమయ్యే ఆడమనిషి నెత్తిన ఇంకో బరువు పెట్టడమే కదా? అవును. అందుకే ప్రోత్సాహకం పేరుతో చిల్లర కాకుండా పూటకింత అని కూలి కట్టాలి. ఉచిత సేవ అని రాసే ప్రతి జవాబులోనూ ఎవరో ఒక ఆడమనిషి జీతం ఎగ్గొడుతున్నాం.

ఇంకో జాగ్రత్త. 'గిరిజన సమాజం పెద్దలను దేవుళ్లలా చూస్తుంది' అని రాసేయకండి. టోనహి అని, అంటే మంత్రగత్తె అని ముద్ర వేసి ఆడవాళ్లను హింసిస్తున్నందుకే ఛత్తీస్‌గఢ్ 2005లో ప్రత్యేక చట్టం తేవాల్సి వచ్చింది. ఒంటరి ముసలమ్మ మీద ఆ ముద్ర తేలిగ్గా పడుతుంది. ఎవరో ఒకరు ప్రతి వారం ఆమె గడప తొక్కుతున్నారంటే ఊరు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది. గ్రామసభ మీద వదిలేద్దాం, పెసా ఉంది కదా అనే జవాబు ఈ ఒక్క చోట పనిచేయదు.

డబ్బు ఎక్కడిది అని ఇంటర్వ్యూ బోర్డు అడుగుతుంది, అడగాలి కూడా. దంతెవాడ జిల్లాలో బైలాడిలా ఇనుప గనులున్నాయి. 2015 నుంచి జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఉంది. దాన్ని ఖర్చు పెట్టే ప్రధానమంత్రి ఖనిజ్ క్షేత్ర కల్యాణ్ యోజన మార్గదర్శకాల్లో అధిక ప్రాధాన్య రంగాల జాబితా చూడండి, తాగునీరు, ఆరోగ్యం, విద్యతో పాటు వృద్ధులు, వికలాంగుల సంక్షేమం అని స్పష్టంగా ఉంది. భవనం కడితే ప్రారంభోత్సవం ఉంటుంది. రబ్బరు షీటుకు, మితానిన్ కూలికి రిబ్బన్ కత్తిరించలేరు. గనులు అంతగా లేని జిల్లాలకు ఈ దారి చాలదు, అక్కడ రాష్ట్ర బడ్జెట్టే దిక్కు. కానీ దంతెవాడలో ఒక సంతతో మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పద్దు అక్కర్లేదు. జిల్లా కలెక్టర్ సంతకం, సంతలో ఇంకో బల్ల చాలు.