సోమవారపు జ్వరం

రాయపూర్ శివార్లలోని ఉర్ల, సిల్తరా పారిశ్రామిక వాడలలో వెల్డింగ్ మెరుపు నిత్యదృశ్యమే. జింకు పూత గల రేకులను అతికిన నాటి సాయంత్రం వెల్డరుకు నోట లోహపు రుచి, ఆపై చలి, వణుకు, జ్వరం రావడం కద్దు. మలేరియా అనుకొని మాత్రలు మింగేవారూ ఉన్నారు. ఒకటి రెండు రోజులలో తనంతట తానే తగ్గిపోయే దీనిని లోహధూమ జ్వరమంటారు.

జింకు 907 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరిగి ఆవిరియై, గాలిలో జింకు ఆక్సైడు రేణువులుగా మారుతుంది. వీటిలో అధికభాగం 100 నానోమీటర్ల లోపువే, అనగా వెంట్రుక మందంలో సుమారు వెయ్యవ వంతు. ఊపిరితిత్తుల లోతులకు చేరిన రేణువులను అక్కడ కాపలా కాసే భక్షక కణాలు మింగివేస్తాయి. ఈ భక్షణను 1882లో మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. సూక్ష్మక్రిమి అయితే కణంలోని ఆమ్లంలో జీర్ణమయ్యేది. జింకు ఆక్సైడు అదే ఆమ్లంలో కరిగి, అయాన్లుగా విడివడి, మింగిన కణాన్నే దెబ్బతీస్తుంది. ఆ కణం సైటోకైన్లనే రసాయనాలతో హెచ్చరిక పంపగా తెల్లకణాలు గుమిగూడుతాయి. మెదడు దేహోష్ణాన్ని పెంచుతుంది.

వారమంతా పొగ పీలిస్తే దేహం కొంత అలవాటు పడుతుంది. ఆదివారపు విశ్రాంతితో ఆ అలవాటు సడలి, సోమవారం మళ్ళీ జ్వరం! అలవాటైనంత మాత్రాన పొగ నిరపాయకరం కాదు. వెల్డింగ్ పొగను క్యాన్సర్ కారకాల జాబితాలో అంతర్జాతీయ సంస్థ 2017లో చేర్చింది.

పాలు, బెల్లం విరుగుడని షాపులో పెద్దలంటారు. అవి పోయేది కడుపులోకి, పొగ పోయేది ఊపిరితిత్తులలోకి! అతుకు వద్ద జింకు పూతను ముందే తొలగించి, ముఖానికి తగిన రెస్పిరేటరు ధరించి, పొగను పీల్చివేసే ఫ్యాను గొట్టాన్ని అతుకు దగ్గరే ఉంచాలి.