కాళ్ళ సందున పోయిన బంతి

సినిమా ఫ్లాపయితే తప్పెవరిదో తేల్చేదెవరు? నిర్మాతా? డిస్ట్రిబ్యూటరా? కాదు బాబూ, కాదు! మొదటాట చూసి బయటికొచ్చి, హాలెదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడ్డ నలుగురు కుర్రాళ్ళు! ఒకడు డైరెక్టర్ని ఉతికేస్తాడు. ఇంకొకడు పాటలే కొంప ముంచాయంటాడు. మూడోవాడు "అసలా సెకండాఫ్..." అంటూ నెత్తి కొట్టుకుంటాడు. రెండో టీ అయ్యేసరికి మొత్తం నేరం ఎవరో ఒక్కరి నెత్తిన పడుతుంది. ఆ తర్వాత ఆ మనిషి ఎన్ని హిట్లిచ్చినా సరే, ఆ ఒక్క ఫ్లాపే ఆయన ఇంటిపేరు!

ఈ వారం మనం చెప్పుకోబోయే మనిషికి జరిగింది అచ్చం ఇదే. కాకపోతే ఆయన సినిమా మనిషి కాదు. బేస్‌బాల్ ఆటగాడు. పేరు బిల్ బక్నర్. ఆడింది అమెరికాలోని బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకి.

"మనకి క్రికెట్టుండగా ఈ బేస్‌బాల్ గొడవెందుకు గురూ?" అంటారేమో. ఆగండాగండి, సినిమా సంగతుంది. 2005లో హాలీవుడ్ నుంచి రెండు చిత్రాలొచ్చాయి. రెండింట్లోనూ హీరో రెడ్ సాక్స్ వీరాభిమానే! ఒకటి 'గేమ్ 6'. అందులో హీరో మైకేల్ కీటన్ న్యూయార్క్‌లో నాటక రచయిత. సరిగ్గా తన కొత్త నాటకం మొదటి ప్రదర్శన రోజునే రెడ్ సాక్స్ ఆట పడింది. ఏం చేశాడనుకున్నారు? నాటకానికి ఎగనామం పెట్టి, టాక్సీ నడిపే ఒక పెద్దావిడతోనూ ఆవిడ మనవడితోనూ కలిసి బార్‌లో టీవీ ముందు కూర్చున్నాడు! ఆ నాటకాన్ని చీల్చి చెండాడ్డానికి కాచుకుని ఉన్న విమర్శకుడి వేషం రాబర్ట్ డౌనీ జూనియర్‌ది. అవునవును, మీ ఐరన్ మ్యానే! రెండో సినిమా 'ఫీవర్ పిచ్'. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

కీటన్ బార్‌లో కూర్చుని చూసిన ఆట కల్పితం కాదు. 1986 అక్టోబర్ 25, శనివారం రాత్రి నిజంగా జరిగింది. ముందు ఒక చిన్న ఫ్లాష్‌బ్యాక్. రెడ్ సాక్స్ చివరిసారి కప్పు గెలిచింది 1918లో. తర్వాత ఆ జట్టు యజమాని హ్యారీ ఫ్రేజీ తన దగ్గరున్న మహాబలుడు బేబ్ రూత్‌ని న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మేశాడు. 1920 జనవరిలో సంగతి బయటపడింది. ఈ ఫ్రేజీగారి అసలు వృత్తి ఏమిటో తెలుసా? బ్రాడ్‌వేలో నాటకాలు తీసే ప్రొడ్యూసర్! నాటకాల పెట్టుబడి కోసమే హీరోని అమ్ముకున్నాడని బోస్టన్ అభిమానుల శాపనార్థాలు. అంటే వాళ్ళ దరిద్రానికి మూలపురుషుడు మన లైనువాడేనన్నమాట. రూత్ వెళ్ళిన దగ్గర్నుంచీ యాంకీస్‌కి కప్పుల మీద కప్పులు, బోస్టన్‌కి మాత్రం చిప్ప. దీనికి 'బాంబినో శాపం' అని పేరు కూడా పెట్టేశారు. బాంబినో అంటే రూత్ ముద్దుపేరు.

ఇక ఆ శనివారం. న్యూయార్క్ షే స్టేడియం. ఎదుటి జట్టు న్యూయార్క్ మెట్స్. ఫైనల్లో ముందుగా నాలుగు ఆటలు గెలిచినవాళ్ళదే కప్పు. బోస్టన్ అప్పటికే మూడు గెలిచి కూర్చుంది. ఒక్కో జట్టుకీ తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి ముగ్గురు అవుటైతే సరి. తొమ్మిదయ్యేసరికి 3–3. పదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ రెండు పరుగులు తీసి 5–3 చేసింది. మెట్స్ ఆటకి దిగారు. ఒకడవుట్. రెండోవాడవుట్. ఇంకొక్కడంటే ఒక్కడు! బోస్టన్ డ్రెస్సింగ్ రూంలో షాంపేన్ సీసాలు రెడీ. సామాన్లు తడవకుండా ప్లాస్టిక్ షీట్లు కూడా కట్టేశారు. స్టేడియం బోర్డయితే ఆత్రమాపుకోలేక బోస్టన్‌కి అభినందనలు చూపించేసింది!

అక్కడ మొదలైంది క్లైమాక్స్. ఒక సింగిల్... ఇంకో సింగిల్... మూడో సింగిల్. 5–4. బోస్టన్ పిచర్ని మార్చింది. కొత్తగా వచ్చిన బాబ్ స్టాన్లీ విసిరిన బంతి క్యాచర్‌కి అందకుండా వెనక్కి పోయింది. అంతే, 5–5. ఈ మాట గుర్తుంచుకోండి, పనుంది. ఆ తర్వాత మూకీ విల్సన్ కొట్టిన బంతి నేలమీద దొర్లుకుంటూ ఫస్ట్ బేస్ దగ్గరున్న బక్నర్ వైపు వెళ్ళింది. పెద్ద కష్టమైన బంతేం కాదు. వంగాడు. గ్లవ్ దించాడు. బంతి కాళ్ళ సందునుంచి తుర్రుమంది! అవతల రే నైట్ ఇంటికి పరిగెత్తాడు. 6–5. మెట్స్ గెలిచారు.

ఆ రాత్రి బోస్టన్ బార్లలో తీర్థంలా జనం. గ్లాసులెత్తి పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయి ఉంటాయి. ఆ తర్వాత మొదలైన వాదన కొన్నేళ్ళు నడిచింది. మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"తప్పంతా మేనేజర్ మెక్‌నమారాదేరా! బక్నర్‌కి చీలమండలు పాడని లోకమంతా తెలుసు. ఆట చివర్లో ఆయన్ని పక్కన కూర్చోబెట్టి స్టేపుల్టన్ని దింపుతుండేవాడుగా. ఇవాళేం రోగం?"

"పోనీలేరా, గెలిచే క్షణంలో పెద్దాయన మైదానంలో ఉండాలని ఉంచుంటాడు."

"సెంటిమెంటు సినిమాల్లో చూసుకో. క్లెమెన్స్ లాంటి పిచర్ని ఏడో ఇన్నింగ్స్ తర్వాత ఎవడు తీసేయమన్నాడు?"

"తీసేయమని క్లెమెన్సే అడిగాడని మేనేజరంటున్నాడు."

"అడగలేదని క్లెమెన్స్ అంటున్నాడుగా!"

"అవన్నీ సరే, ఆ స్టాన్లీ బంతి మాటేంటి? స్టాన్లీ తప్పా? క్యాచర్ గెడ్మన్ పట్టుకోవాల్సింది కాదూ?"

ఇలా ఎన్ని పేర్లొచ్చాయో చూశారా? అయినా చివరికి నేరం పడింది ఒక్క బక్నర్ నెత్తినే. లెక్క చూడండి. ఆయన బంతి వదిలేసరికే స్కోరు సమానమైపోయింది. ఆయన పట్టుకున్నా బోస్టన్ గెలిచినట్టు కాదు, పదకొండో ఇన్నింగ్స్ ఆడాలంతే. పోనీ అక్కడితో ఫైనల్ అయిపోయిందా? లేదే! అక్టోబర్ 27న ఏడో ఆట ఉంది. అందులో బోస్టన్ 3–0తో ముందుండి కూడా 8–5తో ఓడింది. ఆ ఓటమి ఎవరి ఖాతాలో రాశారు? అదీ బక్నర్ ఖాతాలోనే!

కారణం నాకు తోచింది చెబుతాను. స్టాన్లీ తప్పో గెడ్మన్ తప్పో తేలాలంటే ఆట తెలిసినవాడు అరగంట చెప్పాలి. కాళ్ళ సందున దూరిన బంతికి వివరణ అక్కర్లేదు. పసిపిల్లాడికీ అర్థమవుతుంది, నవ్వూ వస్తుంది. టీవీవాళ్ళు దాన్ని వేల సార్లు తిప్పి తిప్పి వేశారు. ఆ ఫైనల్ మొత్తానికీ పోస్టర్‌కి పనికొచ్చే స్టిల్లు అదొక్కటే మరి!

ఆ స్టిల్లులో ఉన్న మనిషి వయసు అప్పటికి 36. కుంటుతూ ఆడుతూ ఆ ఏడాదే 102 పరుగులు జట్టుకి తెచ్చిపెట్టాడు. 1980లో షికాగో కబ్స్‌కి ఆడుతూ లీగ్ బ్యాటింగ్ చాంపియన్ అయ్యాడు. 22 సీజన్లలో 2,715 హిట్లు! మన పరిభాషలో శతదినోత్సవాలు కోకొల్లలు. కానీ దారినపోయే ప్రతివాడూ ఆ బంతి గురించే వెక్కిరించేవాడు. బెదిరింపులు కూడా వచ్చాయి. చివరికి పెళ్ళాం పిల్లలతో దూరాన ఇడాహో రాష్ట్రానికి వెళ్ళి స్థిరపడ్డాడు. బోస్టన్ జనమంతా రాక్షసులని కాదు లెండి. 1990లో మళ్ళీ రెడ్ సాక్స్‌కి ఆడటానికొచ్చినప్పుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళూ వాళ్ళే.

ఆ బంతి మాత్రం స్టారయింది! 1992 వేలంలో దాన్ని పాడుకున్నది ఎవరనుకున్నారు? హీరో చార్లీ షీన్. బేస్‌బాల్ సినిమా 'మేజర్ లీగ్'లో పిచర్‌గా వేసిన పోరంబోకు కుర్రాడు ఆయనే. ధర 93,500 డాలర్లు. చేతులు మారి 2012లో 4,18,250 డాలర్లకి పోయింది. పట్టుకున్న బంతికి అంత ధర వస్తుందా చెప్పండి?

ఇప్పుడు 'ఫీవర్ పిచ్'. జిమ్మీ ఫాలన్ హీరో, డ్రూ బ్యారీమోర్ హీరోయిన్. పిల్లకంటే రెడ్ సాక్స్‌ని ఎక్కువ ప్రేమించే మాస్టారి కథ. నాకు నచ్చిన సీను ఒకటుంది. జట్టు యాంకీస్ చేతిలో చిత్తుగా ఓడిన రాత్రి హీరో, స్నేహితులూ చచ్చిన శవాల్లా హోటల్లో కూర్చుంటారు. చూస్తే పక్కన ఆ ఓడిన ఆటగాళ్ళే హాయిగా భోంచేస్తుంటారు! ఆడినవాళ్ళు తిండి తింటున్నారు, చూసినవాళ్ళు పస్తుంటున్నారు. ఇంతకంటే నిజం ఏ అభిమాన సంఘం గురించీ ఎవరూ తీయలేదు.

తమాషా ఏమిటంటే, షూటింగ్ 2004లో జరుగుతుండగా రెడ్ సాక్స్ యాంకీస్‌తో మూడు ఆటలు ఓడి, తర్వాత నాలుగూ గెలిచి ఫైనల్‌కెళ్ళింది. మామూలుగా బోస్టన్ ఓడుతుందనుకుని రాసుకున్న ముగింపు కాస్తా గంగలో కలిసింది! దర్శకులు ఫారెల్లీ సోదరులు యూనిట్‌ని తీసుకుని సెయింట్ లూయిస్‌కి పరిగెత్తారు. అక్టోబర్ 27న 86 ఏళ్ళ శాపం తీరిన రాత్రి, అసలు ఆటగాళ్ళు గంతులేస్తున్న మైదానంలోనే హీరో హీరోయిన్లు ముద్దుపెట్టుకున్నారు.

బక్నర్ బోస్టన్‌కి తిరిగొచ్చింది 2008 ఏప్రిల్ 8న. ఫెన్‌వే పార్క్‌లో సీజన్ మొదటి బంతి విసరమని పిలిచారు. ఆయన ఒంటరిగా నడిచొస్తుంటే జనమంతా లేచారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, పాత సహచరుడు డ్వైట్ ఇవాన్స్‌కి బంతి విసిరాడు.

మరో మూడేళ్ళకి, 2011లో, లారీ డేవిడ్ తన టీవీ హాస్య సీరియల్లో బక్నర్‌కి బక్నర్ వేషమే ఇచ్చాడు. ఒక మేడ తగలబడుతుంటుంది. పై కిటికీలోంచి తల్లి పసిగుడ్డుని కిందికి వదులుతుంది. కింద పట్టుకున్న వలలో పడ్డ బిడ్డ బంతిలా పైకెగురుతుంది. గుంపులోంచి ఒక పెద్దాయన పరిగెత్తి ముందుకు దూకుతాడు. పట్టుకున్నాడు!

2019 మే 27న బక్నర్ పోయారు. దొరికితే ఆ సీను చూడండి. బిడ్డని గుండెకి అదుముకుని ఆయన నవ్విన నవ్వు కోసం చూడండి.