విహారం ఎవరికి? చాకిరీ ఎవరికి?

దసరా సెలవులు, వేసవి సెలవులు వచ్చాయంటే జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాల మధ్యతరగతి కుటుంబాలు ఓరుగల్లు చూడ్డానికి బయలుదేరతాయి. మొదటి రోజు వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణాలు, ఖుష్‌మహల్. వీలైతే మర్నాడు రామప్ప. జనగామకూ మహబూబాబాద్‌కూ రైలుంది. భూపాలపల్లి వాళ్ళకు పరకాల మీదుగా బస్సు. 2016 అక్టోబర్ 11న వరంగల్ జిల్లా ముక్కలై ఇవన్నీ వేరువేరు జిల్లాలయ్యాయి కానీ ఈ జనానికి పట్నం అంటే ఇప్పటికీ వరంగలే, రాజధాని అంటే కాకతీయుల రాజధానే. పిల్లలకు చరిత్ర తెలుస్తుంది, పెద్దలకు రోజువారీ బతుకు నుంచి కాస్త మార్పు దొరుకుతుంది అంటారు. నిజమే. మరి ఆ కుటుంబంలోని స్త్రీకి ఏం దొరుకుతుంది?

ఆ రోజు ఆమెకు తెల్లవారుజాము మూడు గంటలకే మొదలవుతుంది. పులిహోర కలపాలి, చపాతీలు చేయాలి, పెరుగన్నం డబ్బాకెత్తాలి. అత్తగారి మందులు, పిల్లల బట్టలు, నీళ్ళ సీసాలు, చద్దర్లు సర్దాలి. కోటకు చేరాక మగవాళ్ళు తోరణాల దగ్గర ఫోటోలు దిగుతుంటే ఆమె చెట్టు నీడన చద్దరు పరిచి విస్తళ్ళు వేస్తుంది. అందరూ తిన్నాక గిన్నెలు కడగడానికి నీళ్ళెక్కడున్నాయో వెతుక్కుంటుంది. పసిపిల్లకు ఎండ తగలకుండా చూసేదీ, అందరి చెప్పులకు కాపలా కూర్చునేదీ ఆమే. మరుగుదొడ్డి ఎక్కడుంటుందో, ఎలా వుంటుందో తెలియక పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా బిగబట్టుకుంటుంది. దారిలో గుళ్ళున్నాయి కాబట్టి నెలసరిని వాయిదా వేసే మాత్రలు మింగి బయలుదేరే వాళ్ళు కూడా వున్నారు. రాత్రి ఇల్లు చేరాక అందరూ అలసిపోయి పడుకుంటారు. ఆమె మాత్రం విడిచిన బట్టలు నానబెట్టి, మర్నాటి పాల సంగతి చూసి పడుకోవాలి. ఇంటిచాకిరీకి చక్రాలు తొడిగితే దాని పేరు కుటుంబ విహారయాత్ర!

ఇదేదో ఒకరిద్దరి ఇళ్ళ సంగతని సరిపెట్టుకోవడానికి లేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఆరేళ్ళు దాటిన వారిలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు ఆ పనికే వెచ్చిస్తున్నారు. అదే పని చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. పిల్లల, ముసలివాళ్ళ సంరక్షణ దీనికి అదనం. ఈ పనికి ఆదివారం లేదు, పండగ లేదు, రిటైర్మెంటు అంతకన్నా లేదు. ప్రభుత్వోద్యోగికి ఊళ్ళు చూసి రావడానికి ఎల్.టి.సి. వుంది. అతని భార్య ఆ యాత్రలోనూ డ్యూటీలోనే వుంటుంది. పత్తి ఏరే కూలీకీ, మిరప కోసే కూలీకీ ఆ పేరే తెలియదు.

విశ్రాంతి, విరామం మనిషి హక్కులని 1948 మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం చెప్పింది. వినోదంలో, సాంస్కృతిక జీవితంలో స్త్రీలకు సమాన హక్కు వుండాలని 1979 నాటి సెడా ఒప్పందం 13వ అధికరణం చెప్పింది. 1993లో మన దేశం దాన్ని ఆమోదించింది. హింస గురించి, ఆస్తి గురించి, కూలి గురించి మాట్లాడినంత గట్టిగా మన సంఘాలు విరామం గురించి మాట్లాడవు. ఆకలీ హింసా ఇంతగా వుంటే విహారం గురించి మాట్లాడటం విలాసం కాదా అని మనలోనే కొందరు అంటారు. తన ఒంటి మీద, తన కాలం మీద తనకు అధికారం లేకపోవడమే కదా చాకిరీకీ హింసకూ ఉమ్మడి మూలం! ఒక పూట ఏ పనీ లేకుండా ఒక చోట కూర్చునే స్వేచ్ఛ లేని మనిషికి మిగతా స్వేచ్ఛలు ఎంతవరకు దక్కినట్టు?

మన స్త్రీలు అసలు ప్రయాణాలు చేయరా అంటే చేస్తారు. దేవుడి పేరు మీద చేస్తారు. మొక్కు వుంటే మేడారం, కురవి, యాదగిరిగుట్ట. చావు వుంటే, పురుడు వుంటే పుట్టిల్లు. ఊరికే చూసి రావాలనిపించి బయలుదేరడం మాత్రం ఆడదానికి తగని పని. 'ఎందుకు?' అనే ప్రశ్నకు జవాబు లేకుండా గడప దాటే హక్కు మగవాడికి పుట్టుకతోనే వచ్చింది.

2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఈ పద్ధతిని కొంత కదిలించింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ కార్డు చూపితే జీరో టికెట్. భర్తను ఛార్జీ అడగనక్కర లేదు. తండా నుంచి, గూడెం నుంచి ఆడవాళ్ళు నలుగురు కలిసి బయలుదేరగలిగారు. వెంటనే ఎగతాళి మొదలైంది. పనీపాటా లేక ఊళ్ళు తిరుగుతున్నారన్నారు. బస్సులో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్న స్త్రీల వీడియోలు చూసి నవ్వారు. 2024 ఆగస్టులో ఒక పెద్ద నాయకుడు బస్సుల్లో ఆడవాళ్ళ గురించి నోరు జారితే రాష్ట్ర మహిళా కమిషన్ నోటీసు ఇచ్చింది, ఆయన విచారం వెలిబుచ్చాడు. నవ్వినవాళ్ళు ఒక్క మాట ఆలోచించాల్సింది. బస్సులో కూర్చున్న ఆ కాస్త సేపు కూడా చేతులు ఖాళీగా పెట్టుకోలేని స్థితికి ఆమెను తెచ్చిందెవరు? ఆ పొట్టు తీసిన వెల్లుల్లి ఎవరి కూరలోకి?

ఆటో కార్మికుల సంగతి వేరు. వాళ్ళ రాబడి పడిపోయిన మాట నిజం. వాళ్ళ ఇళ్ళల్లోనూ వున్నది మన స్త్రీలే. ఆ నష్టం ప్రభుత్వం భరించాలి. దానికి బదులు పేద మగవాడినీ పేద ఆడదాన్నీ ఎదురెదురుగా నిలబెట్టే ప్రచారాన్ని మనం ఒప్పుకోకూడదు.

ఇక ఇంత కష్టపడి వెళ్ళి ఆ రాజధానిలో చూసేదేమిటి? గణపతిదేవుడు మొదలుపెట్టిన కోటను పూర్తిచేసింది రుద్రమ. రాజ్యమేలడానికి ఆమె ఆడపేరు పనికిరాలేదు. శాసనాల్లో చాలాచోట్ల ఆమె రుద్రదేవ మహారాజు. ఆమె మరణం గురించి తెలిపేది ఏ రాజశాసనమో కాదు, నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబర్ నాటి ఒక చిన్న శాసనం. ఈ సంగతులు పిల్లలకు చెప్పేదెవరు? రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అక్కడి మదనికల శిల్పకళ గొప్పదే. కానీ నడుము ఒంపుల గురించి, ఎత్తుమడమల చెప్పుల గురించి వినిపించే వర్ణనలే చరిత్రగా చెలామణి అవుతుంటే మన ఆడపిల్లలు ఆ రాళ్ళలో చూసుకునేది ఏమిటి?

మానుకోట జిల్లా బయ్యారం పెద్దచెరువు గట్టు మీద దొరికిన శాసనం గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించింది. ఆ చెరువు తవ్వించిందీ ఆమే. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులు ఆధారపడే ముఖ్యమైన శాసనాల్లో అదొకటి. రాజుల వంశవృక్షం ఒక స్త్రీ వేయించిన రాతి మీద నిలబడింది! ఆ చెరువు ఏ విహారయాత్ర జాబితాలోనూ కనిపించదు. మేడారం కథ వుంది. పన్ను కట్టం పొమ్మని ఇదే రాజధాని సైన్యాన్ని ఎదిరించిన తల్లీకూతుళ్ళుగా కోయలు సమ్మక్క సారలమ్మలను చెప్పుకుంటారు. తోరణాల వైభవానికి మూల్యం ఎవరు చెల్లించారో ఆ కథ చెబుతుంది. జనగామ వైపు వస్తే పాలకుర్తి. చాకలి ఐలమ్మ దేశ్‌ముఖ్ మనుషుల నుంచి తన పంటను దక్కించుకున్న నేల. పాలకుర్తి వెళ్ళినవాళ్ళు సోమేశ్వరుని గుట్ట ఎక్కి దిగుతారు. ఐలమ్మ పొలం కూడా చూడవలసిన చోటేనని ఎంతమంది అనుకుంటారు?

స్వచ్ఛంద సంస్థలు కూడా స్త్రీలను ఊళ్ళు తిప్పుతాయి. దాని పేరు ఎక్స్‌పోజర్ విజిట్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులు, రిజిస్టర్లో సంతకాలు, గ్రూపు ఫోటో. పొదుపు సంఘం సభ్యురాలు వరంగల్ వచ్చి కోట చూడకుండానే తిరిగి వెళ్తుంది. ఆ కార్యక్రమంలో ఒక పూట ఏ పాఠమూ లేకుండా వదిలేస్తే నివేదికలో ఏం రాయాలన్నది సంస్థకు సమస్య. 'విశ్రాంతి తీసుకున్నారు' అని రాయండి. అది కూడా హక్కుల పనే.

కాబట్టి కొన్ని విషయాలు గట్టిగా అడగాలి. దర్శనీయ స్థలాలన్నిటా నీళ్ళూ తలుపు గడియా వున్న మరుగుదొడ్లు, పసిబిడ్డకు పాలిచ్చే చోటు, తక్కువ ధరకు శుభ్రమైన భోజనం వుండాలి. సద్ది కట్టే పని తప్పితేనే ఆమె యాత్ర మొదలవుతుంది. ఒంటరిగా గానీ స్నేహితురాళ్ళతో గానీ వచ్చే స్త్రీలకు రాత్రి బస దొరకాలి. సాయంత్రం బస్సులు పెంచాలి. రుద్రమ, మైలాంబ, సమ్మక్క, ఐలమ్మల చోట్లను కలుపుతూ పిల్లలకు చెప్పగల స్త్రీలకు గైడ్లుగా శిక్షణ ఇవ్వాలి. ఆ ఉద్యోగాలు ఆ ఊళ్ళ స్త్రీలకే దక్కాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి. ఇంట్లో అడగవలసినవి ఇంకా కష్టమైనవి. ఈసారి సెలవుల్లో డబ్బాలు ఎవరు సర్దుతారు, పిల్లను ఎవరు ఎత్తుకుంటారు, ఎక్కడికి వెళ్ళాలో ఎవరు చెబుతారు అన్నవి బయలుదేరే ముందే తేల్చుకోవాలి. తేలకపోతే నలుగురు ఆడవాళ్ళం ఆధార్ కార్డులు పట్టుకుని జీరో టికెట్ మీద బయ్యారం చెరువు గట్టుకు వెళ్ళొద్దాం. ఎందుకని ఎవరైనా అడిగితే, 'చూడ్డానికి' అని చెబుదాం. ఆ జవాబు చాలు.