కాంతిని మించిన కబురు సాధ్యమా?

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించుకోగానే బయటి ప్రపంచంతో టెలిఫోన్ సంబంధాలు తెగిపోయాయి. ఇక్కడివారి క్షేమ సమాచారం కోసం కడప, గోదావరి జిల్లాల్లోని కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. అటువంటి నిరీక్షణను ఎరిగినవారికి, తీగ లేకుండా, క్షణమైనా పట్టకుండా కబురు అందే ఉపాయం ఉంటే ఎంత బాగుండునని అనిపించడం సహజం. క్వాంటం భౌతికశాస్త్రం ఆ వరాన్ని ప్రసాదించిందన్న మాట నేడు తరచుగా వినిపిస్తున్నది. ఆ మాట సరికాదు.

ఒకే మూలం నుండి జంటగా వెలువడిన రెండు ఫోటాన్లలో ఒకటి కువైట్‌కు, మరొకటి రాజమండ్రికి చేరాయని ఊహించవచ్చు. ఇక్కడ కొలిచినప్పుడు ‘ఔను’ అని వస్తే, అక్కడ అదే విధంగా కొలిచినవారికి కూడా ‘ఔను’ అనే వస్తుంది. రెండు కణాలూ ముందే జవాబులు మోసుకుపోయాయని చెప్పి ఈ పొందికను వివరించడం కుదరదు. 1964లో జాన్ బెల్ చూపిన బాటలో ప్రయోగాలు చేసి ఈ విషయాన్ని స్థాపించిన ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే పొందిక వేరు, సందేశం వేరు. కువైట్‌లో ఏ ఫలితం రావాలో ఎవరూ నిర్ణయించలేరు. అది బొమ్మాబొరుసు వంటిది. రాజమండ్రిలో కనిపించేది కూడా క్రమం లేని ఔను, కాదుల వరుస మాత్రమే. ఇరువురి పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే పొందిక బయటపడుతుంది. ఆ పట్టికను పంపడానికి మళ్ళీ ఫోనో, ఉత్తరమో కావాలి. అవేవీ సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల కాంతివేగాన్ని దాటలేవు.

అందిన ఫోటాన్‌కు అనేక నకళ్ళు తీస్తే ఈ అడ్డంకి తొలగుతుందని 1982లో నిక్ హెర్బర్ట్ ప్రతిపాదించాడు. అందులోని దోషాన్ని వెదకబోయిన ఉటర్స్, జూరెక్‌లు, విడిగా డీక్స్, తెలియని క్వాంటం స్థితికి సరియైన నకలు తీయడం అసాధ్యమని అదే సంవత్సరం నిరూపించారు. దొంగచాటుగా చదవబోతే ఆనవాలు మిగిల్చే క్వాంటం రహస్య సంకేతాలకు నేడు ఈ సూత్రమే ఆధారం.

కాబట్టి ఇటువంటి ప్రశ్న వేసే పిల్లలకు అద్భుతాలు చెప్పి మభ్యపెట్టరాదు. పిచ్చి ప్రశ్న అని కసరనూ రాదు. అమరావతిలో క్వాంటం వ్యాలీని నెలకొల్పే ప్రణాళికను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. అటువంటి చోట రేపు పనిచేయవలసినవారికి, హెర్బర్ట్ వలె ధైర్యంగా అడగడమూ, తప్పు తేలినప్పుడు ఒప్పుకోవడమూ ఇంట్లోనే అలవడాలి.